సెన్సర్‌కి పెట్టిన బొట్టు

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ సంగతి మా ఆవిడ పెళ్ళయిన కొత్తల్లోనే కనిపెట్టింది, నేను ఒప్పుకోవడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. అయితే ఊళ్ళో ఎవరు బాగుపడినా ఏడ్చే రకం కాదు నాది. పక్కింటివాళ్ళు పై అంతస్తు వేసుకున్నా, మా తోడల్లుడు కారు కొన్నా, ఆ పూట అన్నం మామూలుగానే తింటాను. నా కుళ్ళంతా ఒకే ఒక్క మనిషి మీద. అతను ఆటోనగర్‌లో నాతోపాటు ఒకే షెడ్డులో లారీలకి వైరింగు చేసినవాడు. నా స్నేహితుడు.

తొంభైల మొదట్లో మేమిద్దరం ఆ షెడ్డులో చేరాం. అతను నాకంటే నాలుగేళ్ళు చిన్న. వాళ్ళ నాన్న పక్క వీధిలో లారీలకి సీటు కవర్లు కుట్టేవాడు. అతను నన్ను అన్నా అనేవాడు, నేను అతన్ని భాయ్ అనేవాణ్ణి. మధ్యాహ్నం ఇద్దరి క్యారేజీలూ విప్పి మధ్యలో పెట్టుకునేవాళ్ళం. మా ఇంటి గోంగూర పచ్చడి అంటే అతనికి ప్రాణం. ఇంతవరకూ ఏ గొడవా లేదు.

గొడవంతా పని దగ్గర వచ్చింది. లారీకి హెడ్‌లైటు ఆరిపోతోందంటే నేను రెండు వైర్లు కట్టిన బల్బు చేత్తో పట్టుకుని, ఒక్కో వైరూ గుచ్చుకుంటూ ఇంజను దగ్గర్నుంచి వెనక బంపరు దాకా వెతికేవాణ్ణి. అతను ముందు డ్రైవర్ని కూర్చోబెట్టి మాట్లాడేవాడు. ఎప్పుడు ఆరుతుంది, మలుపులోనా, బ్రేకు వేసినప్పుడా, లోడు ఉన్నప్పుడా లేనప్పుడా. ఐదు నిమిషాలు విని, లేచి వెళ్ళి సరిగ్గా ఆ వైరు దగ్గరే చెయ్యి పెట్టేవాడు. పైగా "సింపుల్ అన్నా" అనేవాడు. ఆ మాటే నాకు అరికాలి మంట నెత్తికెక్కించేది. నేను పొద్దున్నించీ వెతికింది సింపుల్ ఎట్టా అవుతుంది?

కొన్నాళ్ళకి డ్రైవర్లు షెడ్డు ముందు బండి ఆపి, "ఆ సాయిబుగారు లేరా?" అని అడగడం మొదలుపెట్టారు. అతను వెనకాల టీ తాగుతూ ఉండేవాడు. నేను మాత్రం "లేడు, సాయంత్రం వస్తాడు, నేను చూస్తాలే" అనేవాణ్ణి. ఒకసారి అతను టీ గ్లాసుతో అప్పుడే బయటికొచ్చాడు. నా ముఖం చూసి నవ్వేసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. కోప్పడినా బాగుండేది.

తర్వాత అతను సాయంత్రాలు కంప్యూటర్ నేర్చుకోవడానికి వెళ్ళడం మొదలుపెట్టాడు. చేతులకి గ్రీజు కడుక్కుని, తెల్ల చొక్కా మార్చుకుని, సైకిలెక్కి ఏలూరు రోడ్డు వైపు వెళ్ళేవాడు. "కంప్యూటర్‌కి హెడ్‌లైట్లు ఎక్కడుంటాయి భాయ్?" అని షెడ్డులో అందరూ వినేలా అడిగేవాణ్ణి. అందరితోపాటు అతనూ నవ్వేవాడు. రెండు నెలల్లో మానేస్తాడని నా నమ్మకం. మానలేదు. ఊళ్ళో అపార్టుమెంట్లు లేస్తున్నాయని నేను లారీలు వదిలి ఇళ్ళ వైరింగులోకి వచ్చాను. అతను హైదరాబాదులో ఏదో కంపెనీలో చేరాడని విన్నాను. వినీ విననట్టు ఊరుకున్నాను.

రెండువేల ఐదో ఆరో, సరిగ్గా గుర్తులేదు. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి పటమట వైపు రెండంతస్తుల ఇల్లు కట్టాడు. వాళ్ళది గుడివాడ దగ్గర వ్యవసాయ కుటుంబం. వైరింగు నాకిచ్చాడు. పని సగంలో ఉండగా పిలిచి చెప్పాడు. "ఏమయ్యా, మన ఇంట్లో లైట్లన్నీ కంప్యూటరే వేస్తది, కంప్యూటరే ఆర్పుద్ది. కంపెనీ నుంచి ఇంజనీరుగారు వస్తారు, ఆయన చెప్పినట్టు చెయ్యి." మర్నాడు ఆటో దిగిన ఇంజనీరుగారు ఎవరో కాదు, అతనే. మెడలో కార్డు, భుజానికి నల్ల సంచి. నన్ను చూడగానే సంచి కింద పెట్టి వచ్చి కౌగిలించుకున్నాడు. నేనూ కౌగిలించుకున్నాను. ఓనరుగారు అతన్ని "మీరు" అన్నాడు, నన్ను "నువ్వు" అన్నాడు. కౌగిలించుకుని ఉండగానే ఆ రెండు మాటలూ చెవిన పడ్డాయి.

ఆ రోజు మధ్యాహ్నం మేడ మీద సిమెంటు బస్తాల మీద కూర్చున్నప్పుడు తన సంగతి చెప్పాడు.

"సొంతంగా చేస్తున్న మొదటి ఇల్లు ఇదే అన్నా. ఇది బాగా నడిస్తే బెజవాడ ఆఫీసు నాకే అప్పగిస్తామన్నారు. నడవకపోతే మళ్ళీ సంచి తగిలించుకుని ఊళ్ళు తిరగడమే. అమ్మకి ఒంట్లో బాగోట్లేదు. ఇక్కడే ఉండిపోవాలని ఉంది."

"నడవక ఎక్కడికి పోద్ది భాయ్, నేనున్నాగా" అన్నాను. అన్నప్పుడు అబద్ధమేమీ కాదు.

ఆ సాఫ్ట్‌వేర్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. మెట్ల కింద చిన్న గదిలో కంప్యూటర్ పెట్టారు. తెర మీద ఇంటి నక్షా, గదికొక బల్బు బొమ్మ. లైటు వెలిగితే బొమ్మ పసుపు, ఆరితే బూడిదరంగు. తెర పైన మూలగా ఒక అంకె ఉండేది, సున్నా నుంచి వంద దాకా. బయట వెలుతురు ఎంతుందో ఆ అంకె చెబుతుంది. పోర్టికో పిట్టగోడ మీద, ఆకాశం వైపు చూస్తూ, సగం నిమ్మకాయంత తెల్లటి బుడిపె బిగించారు. దాన్ని సెన్సర్ అన్నారు. ఆ అంకె పాతిక కంటే తగ్గితే చీకటి పడుతున్నట్టు లెక్క, వరండాలో, తోటలో, ప్రహరీ మీద లైట్లు వాటంతటవే వెలుగుతాయి. నేను లాగిన వైర్లలోంచే అంతా పోతుంది. కానీ చూడ్డానికొచ్చిన చుట్టాలందరూ నోరు తెరుచుకుని చూసింది ఆ తెరని. గోడలో వైరు ఎవరికి కనిపిస్తుంది?

గృహప్రవేశం అయింది, దసరా వచ్చింది. దసరాకి ఆటోనగర్ ఎట్టా ఉంటుందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. స్పానర్ నుంచి బ్యాటరీ చార్జరు దాకా బొట్టు పడని వస్తువు ఉండదు. మా షెడ్డులో అతను కూడా తన పనిముట్లు తెచ్చి నా ముందు వరసగా పెట్టి, "నావాటికీ పెట్టన్నా" అనేవాడు. ఆ ఏడు ఓనరుగారి భార్య నన్ను పిలిచి, గంధం, కుంకుమ పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. "కరెంటు వస్తువులన్నిటికీ నీ చేత్తోనే పెట్టయ్యా" అన్నారు. మెయిన్ బోర్డుకి పెట్టాను, మోటారుకి పెట్టాను, ఇన్వర్టరుకి పెట్టాను. నిచ్చెన వేసుకుని పోర్టికో ఎక్కాను. ఆ బుడిపె నున్నగా, నుదురులా కనిపించింది. చిక్కటి గంధం మూడు వేళ్ళతో నిండుగా రాసి, మధ్యలో రూపాయి బిళ్ళంత కుంకుమ పెట్టాను. దండం కూడా పెట్టుకున్నాను. మనసులో ఏ దురుద్దేశమూ లేదు. ఇది నిజం, ఇక మీదట రాసేదానికి ఈ హామీ ఇవ్వలేను.

మర్నాడు పదకొండు గంటలకి ఓనరుగారి ఫోన్. పట్టపగలు తోటలో లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఆర్పితే ఆరుతున్నాయి, నిమిషం తిరిగేసరికి మళ్ళీ వెలుగుతున్నాయి. వెళ్ళి చూశాను. బయట ఎండ మాడ్చేస్తోంది, తెర మీద అంకె ఇరవై రెండు. వైరింగులో తప్పు పట్టుకుంటారేమోనని నాకు భయం. మీటరు పెట్టి ప్రతి జాయింటూ చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆఖరికి నిచ్చెనెక్కి సెన్సర్ దగ్గరికి పోయాను. గంధం ఎండి పెచ్చులా బిగుసుకుని ఉంది. కన్ను మూసుకుపోయినవాడికి మధ్యాహ్నమైనా చీకటే కదా. జేబులోంచి గుడ్డ తీశాను.

సరిగ్గా అప్పుడే కింద గేటు చప్పుడైంది. అతను వచ్చాడు. "రండి ఇంజనీరుగారూ, ఎండన పడి వచ్చారు, ముందు ఫ్యాను కింద కూర్చోండి" అంటున్నాడు ఓనరుగారు. గంట నుంచి అదే ఎండలో నేనున్నాను. నాతో ఎవరూ ఆ మాట అనలేదు. గుడ్డ మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. పూజ బొట్టు, తుడవకూడదులే అని నాకు నేనే ఒక సాకు చెప్పుకుని దిగాను.

"వైరింగులో ఏమీ లేదండి. లోపమంతా ఆ కంప్యూటర్లోనే ఉంది" అన్నాను.

ఓనరుగారు అతని వైపు తిరిగాడు. అతను తల ఊపి, "చూస్తానండి" అన్నాడు. వెతుక్కోనీ అనుకున్నాను. సింపుల్ అంటావుగా, వెతుక్కో.

ఆ ఏడాది దసరా రంజాను నెలలో పడింది. అతను ఉపవాసం ఉంటూనే ఆ మెట్ల కింద గదిలో కూర్చున్నాడు. ప్రోగ్రాం తీసి మళ్ళీ ఎక్కించాడు, సెన్సర్ వైరు నా చేతే మార్పించాడు, హైదరాబాదుకి ఫోన్లు చేశాడు. అంకె ఇరవై రెండు దగ్గర్నుంచి కదల్లేదు. నేను ఏదో ఒక వంకతో పూటకోసారి వెళ్ళి చూసొచ్చేవాణ్ణి. కడుపు చల్లబడుతుందనుకుంటే, ఓనరుగారి భార్య "పాపం, గుక్కెడు నీళ్ళయినా తాగకుండా చేస్తున్నాడయ్యా ఆ బాబు" అని నాతోనే అన్నారు. అతని ఆకలి మీద కూడా నాకు ఏడుపే వచ్చింది. ఆ పూట నేను వాళ్ళింట్లో ఇచ్చిన కాఫీ తాగలేదు. ఎవరూ గమనించలేదు.

రెండో రోజు సాయంత్రం అతను నిచ్చెన తెచ్చి, "పట్టుకో అన్నా" అన్నాడు. పట్టుకున్నాను. పైన చాలాసేపు ఉన్నాడు. ఇక అయిపోయిందనుకున్నాను. దిగి వచ్చి చేతులు దులుపుకున్నాడు.

"ఏముంది భాయ్?"

"అంతా బానే ఉందన్నా."

కనిపెట్టలేదు! ఇంత చదివీ ఎదురుగా ఉన్నదాన్ని కనిపెట్టలేదు. ఆ సాయంత్రం సైకిల్ తొక్కుకుంటూ ఇంటికి వెళ్ళేటప్పుడు పాట పాడుకున్నానని రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు, కానీ పాడుకున్నాను.

ఆ ఆనందం తెల్లవారేదాకే. పొద్దున్నే అతను కంప్యూటర్లో స్కేలు అనే ఏదో లెక్క మార్చాడు. సెన్సర్ ఎంత చెబితే దాన్ని నాలుగింతలు చేసి చూపించమని రాశాడట. ఇరవై రెండు కాస్తా ఎనభై ఎనిమిదైంది. లైట్లు ఆరిపోయాయి. సాయంత్రం వేళకి వాటంతటవే వెలిగాయి. ఓనరుగారు అతని భుజం తట్టి, "శభాష్ అండీ" అన్నాడు. బొట్టు తుడవకుండా, అసలు సంగతి తెలియకుండా, గదిలో కూర్చుని వేళ్ళతో నొక్కి గెలిచాడు. నేను కావాలని మూసి ఉంచిన దారి పక్కనుంచి ఇంకో దారి చేసుకుని వెళ్ళిపోయాడు.

పండగ వెళ్ళాక కంపెనీవాళ్ళు అతన్ని పది రోజులు హైదరాబాదు రమ్మన్నారు. వెళ్ళే ముందు నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఒక్క సాయం. నేను లేనప్పుడు వాన పడితే, ఒకసారి ఆ ఇంటికెళ్ళి తెర మీద అంకె ఎంతుందో చూసి నాకు ఫోన్ చెయ్యి. మర్చిపోవుగా?"

వాన పడితేనే ఎందుకన్నాడో అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. కుళ్ళు తలకెక్కినవాడికి ఎదుటివాడి మాటలో అర్థం వినిపించదు, గొప్ప మాత్రమే వినిపిస్తుంది. నాకు పని చెప్పేవాడయ్యాడు అనుకున్నాను.

వాయుగుండం పట్టి మూడు రోజులు కుండపోతగా కురిసింది. బందరు కాలవ నిండిపోయింది. తెరిపి ఇచ్చాక ఆ ఇంటికి వెళ్ళాను. సాయంత్రం ఐదు దాటింది, మబ్బు. తెర మీద అంకె వంద. బొట్టు కొట్టుకుపోయిందనీ, లెక్క ఇంకా నాలుగింతలే చేస్తోందనీ నాకు ఆ క్షణమే తెలిసింది. ఇక బాగా మసక పడితే తప్ప లైట్లు వెలగవు. జేబులో సెల్ ఫోన్ ఉంది. కొత్తగా కొన్నాను, చేతిలో పట్టుకుని తిరిగేవాణ్ణి. అతని నంబరు నొక్కలేదు.

మూడు రోజుల తర్వాత ఆ ఇంట్లో అమ్మాయికి ఓణీల ఫంక్షన్. గుడివాడ, అవనిగడ్డ వైపు నుంచి చుట్టాలు బస్సులేసుకుని దిగారు. అతను ఆ సాయంత్రమే రైలు దిగి, సంచితో తిన్నగా అక్కడికే వచ్చాడు. పొద్దు గుంకుతుండగా ఓనరుగారు చుట్టాలందరినీ తోటలోకి పిలిచాడు.

"ఎవరూ స్విచ్చి ముట్టుకోవద్దు. చూస్తూ ఉండండి. వాటంతటవే వెలుగుతాయి."

అందరూ చూశారు. పిల్లలు ఒకటి, రెండు, మూడు అని లెక్క పెట్టారు. యాభై దాకా లెక్క పెట్టి విసిగి ఆపేశారు. పిల్ల కట్టుకున్న పట్టు ఓణీ రంగేదో తెలియనంత మసక అయింది. ఫొటోగ్రాఫరు గొణుక్కుంటున్నాడు. చుట్టాల్లో ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"బావగారూ, మా ఊళ్ళో అయితే స్విచ్చి నొక్కితే వెలుగుతాయండీ. తమరిక్కడ దణ్ణం పెట్టుకోవాలేమో!"

తోటంతా గొల్లుమంది. ఓనరుగారి ముఖం నల్లబడింది. అతను మెట్ల కింద గదిలోకి పరిగెత్తాడు. రెండు నిమిషాల్లో లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి, కానీ నవ్వు ఆగలేదు. అతను బయటికి రాగానే ఓనరుగారు అందరి ముందూ అరిచాడు. "ఏంటయ్యా ఇది? నా పరువు తీయడానికా నిన్ను పెట్టుకుంది?" మీరు కాస్తా నువ్వయింది. ఇన్నేళ్ళుగా నేను వినాలనుకున్న మాట అది. వింటే బాగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"పొరపాటు నాదేనండి" అన్నాడతను. "లెక్క మార్చాల్సింది, మార్చలేదు."

గేటు దగ్గర నన్ను కలిశాడు. "వాన పడ్డాక అంకె చూశావా అన్నా?"

"ఎక్కడ భాయ్, అసలు తీరికేది?"

"పోనీలే అన్నా" అని సంచి భుజానికి తగిలించుకుని ఆటో కోసం నడిచాడు.

ఓనరుగారు మర్నాడే కంపెనీకి ఫోన్ చేసి, ఆ మనిషి నా గడప తొక్కకూడదన్నాడు. బెజవాడ ఆఫీసు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అతన్ని విశాఖపట్నం వైపు తిరగడానికి పంపారు. ఈ ఇంటికి మాత్రం ఇక్కడి మనిషి ఒకడు కావాలి కాబట్టి, ఓనరుగారు నా పేరు చెప్పాడు. కంపెనీ నుంచి ఒకాయన వచ్చి రెండు రోజులు నాకు నేర్పించాడు. మౌస్ ఎట్టా పట్టుకోవాలో, ఏది నొక్కితే ఏది తెరుచుకుంటుందో. మూడో రోజు నేనొక్కణ్ణే ఆ మెట్ల కింద గదిలో, చక్రాల కుర్చీలో కూర్చున్నాను. ఓనరుగారి భార్య కాఫీ కప్పూ సాసరూ తెచ్చి బల్ల మీద పెట్టి, "తీసుకోండి" అన్నారు.

ఒక్కో లైటుకీ ఒక్కో పేజీ ఉంది. నొక్కుకుంటూ పోయాను. ఆఖర్న పోర్టికో సెన్సర్ పేజీ వచ్చింది. అంకెల కింద, పని చేసినవాళ్ళు గుర్తు కోసం రాసుకునే ఖాళీ గడి ఒకటి ఉంటుంది. మిగతా పేజీల్లో అన్నిట్లోనూ ఖాళీగానే ఉంది. ఇక్కడ మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి ఉంది. కూడబలుక్కుని చదివాను.

"సెన్సర్ మీద పూజ బొట్టు ఉంది. మా అన్న పెట్టాడు. నేను తుడిస్తే బాగోదు. వానకి అదే పోతుంది, అప్పుడు స్కేలు మళ్ళీ ఒకటి చెయ్యాలి. వైరింగు అంతా కరెక్టు. వైరింగు వాళ్ళని ఏమీ అనొద్దు."

కింద తేదీ ఉంది. నేను నిచ్చెన పట్టుకున్న మర్నాటి తేదీ.

అతనికి అంతా తెలుసు. బొట్టు సంగతీ తెలుసు. అతనికంటే ముందు నేను ఆ నిచ్చెనెక్కాననీ, బొట్టు చూసి దిగాననీ కూడా తెలుసు. తెలిసే నన్ను అంకె చూడమన్నాడు. తెలిసే ఆ తోటలో అంతమంది ముందు తప్పు తన మీద వేసుకున్నాడు.

సిగ్గుతో చచ్చిపోయానని రాస్తే చదవడానికి బాగుంటుంది. కానీ ముందు వచ్చింది సిగ్గు కాదు. పనిలో నాకంటే మొనగాడు, చదువులో మొనగాడు, సరే, అవి అతని అదృష్టం అనుకుని ఇన్నేళ్ళూ సర్దుకున్నాను. మనిషిగా అయినా ఇద్దరం ఒకటే అనుకున్నాను. అది కూడా కాదని ఆ ఆరు వాక్యాలు చెప్పాయి. అంత కుళ్ళు నాకు అంతకుముందెప్పుడూ పుట్టలేదు. అతని ఉద్యోగం వచ్చి నా ఒళ్ళో పడింది, అయినా అతనిలో నేను తీసుకోగలిగింది ఏదీ లేదు.

ఫోన్ చేద్దామనుకున్నాను. నంబరు దాకా తీశాను కూడా. ఓనరుగారిని పిలిచి ఈ తెర చూపిస్తే, ఆ సాయంత్రానికి అతను మళ్ళీ ఈ కుర్చీలోకి వస్తాడు, వాళ్ళమ్మ దగ్గరికి వస్తాడు. అంతే పని. హాల్లో ఓనరుగారు పేపరు చదువుకుంటున్నట్టు కాగితాల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఇంతలో చెప్పుల చప్పుడు ఇటువైపు వచ్చింది. "ఏమండీ, అంతా సరిగ్గానే ఉందా?" అని గది బయటినుంచే అడిగాడాయన. ఆయన నన్ను అండీ అనడం అదే మొదలు.

"అంతా బానే ఉందండీ" అన్నాను.

ఆయన అడుగులు వెనక్కి మళ్ళాక, ఆ గడిలో చివరి అక్షరం పక్కన నొక్కి, నేర్పిన మీట పట్టుకుని ఒక్కో అక్షరమే వెనక్కి చెరుపుకుంటూ వచ్చాను. గడి ఖాళీ అయింది. మార్పులు సేవ్ చెయ్యాలా అని అడిగింది కంప్యూటర్. అవును మీద నొక్కాను.